ఉప్మా అని రాసిన ట్యూబు

"ఉప్మా మాడిపోయిందిరోయ్!"

మెషీన్ ముందు కూర్చున్న అన్న నవ్వుతూ ఆ మాట అన్న క్షణమే నాకు మొదటిసారి భయం వేసింది. ల్యాబులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. కానీ చేతిలో ఉన్న ట్యూబుల స్టాండును మెల్లగా బల్ల మీద పెట్టేశాను, జారిపోతుందేమోనని. ఉప్మా నేనే. ఆ సంగతి ఆ గదిలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇలా మొదలుపెడితే మీకేమీ అర్థం కాదని తెలుసు. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళి చెప్తాను. మా పిల్లలిద్దరూ పడుకున్నారు. మధ్యమధ్యలో లేచి, బాబు ఊపిరి సరిగ్గా తీసుకుంటున్నాడో లేదో చూసి వస్తుంటాను. అక్కడక్కడ మాట తెగితే ఏమనుకోకండి. వాడికి రెండేళ్ళు నిండాయి, హాయిగా గురక పెట్టి మరీ నిద్రపోతాడు. నా అలవాటే పోలేదు.

కార్ఖానా అనే ఏరియాలో ఒక ప్రసూతి ఆసుపత్రి ల్యాబులో నేను టెక్నీషియన్‌గా పనిచేశాను. బయోకెమిస్ట్రీ చదివి, పెళ్ళికి ముందే చేరి, బాబు పుట్టాక మానేశాను. "ఇంత చిన్న వయసుల రిటైరైన మనిషిని నిన్నే చూస్తున్న" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆయనది రైల్వే ఉద్యోగం. మౌలాలి క్వార్టర్స్‌లో ఆయన, నేను, మా అత్తమ్మ, పిల్లలు. అప్పటికి పెద్దమ్మాయి ఒక్కతే. బాబు నా కడుపులో ఎనిమిదో నెల.

మా ల్యాబులో ఒక అలవాటు ఉండేది. కొత్త మెషీనో కొత్త కిట్టో వచ్చినప్పుడు, రోగుల రక్తం దాని మీద పెట్టేముందు అది సరిగ్గా చెప్తోందో లేదో చూసుకోవాలి కదా. కంపెనీవాళ్ళు కంట్రోల్స్ అని సీసాలు ఇస్తారు, వాటి విలువలు ముందే తెలుసు. వాటితోపాటు ఆరోగ్యంగా ఉన్న మనుషుల రక్తం కూడా నడిపి చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న మనుషులు ఎక్కడ దొరుకుతారు? ఎదురుగా కూర్చుని టీ తాగుతూ దొరుకుతారు. చొక్కా చేయి పైకి మడవమంటే మడుస్తారు.

కానీ ట్యూబు మీద పేరు రాయం. నేను చేరకముందు ఒకాయనకు షుగరు ఉందని ఇలాగే బయటపడి, ఆయన టీ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు లాక్కునేవారట. పాపం, ఆయన వేరే ఉద్యోగం చూసుకున్నాడు. అప్పటి నుంచి ఒక కట్టడి పెట్టుకున్నారు. రక్తం ఇచ్చినవాళ్ళు ఎవరికి వాళ్ళే ఒక టిఫిన్ పేరు కంప్యూటర్‌లో స్టిక్కర్ మీద కొట్టి, ట్యూబుకు అంటించి ట్రేలో పెట్టేయాలి. ఎవరు ఏ టిఫినో ఎవరికీ చెప్పకూడదు. రోగుల ట్యూబులతో ఇలాంటి ఆటలాడితే ఉద్యోగం ఊడుతుంది, మీరు మాత్రం నేర్చుకోకండి. మా రక్తంతో మేం ఆడుకునేవాళ్ళం.

ఆసారి కొత్త మెషీన్‌తో పాటు వచ్చిన కిట్ మా కాన్పుల డాక్టరమ్మ ఎన్నాళ్ళుగానో అడుగుతున్నది. కడుపుతో ఉన్న కొందరికి ఐదో నెల దాటాక బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ప్రీఎక్లాంప్సియా అంటారు. కొందరికి అది మాత్రలతో, విశ్రాంతితో గడిచిపోతుంది. కొందరికి కాలేయం, కిడ్నీలు దెబ్బతిని, ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది. ఎవరిది ఏ దారి పడుతుందో ఒక్క బీపీ చూసి చెప్పడం కష్టం. ఈ పరీక్ష అక్కడ సాయం చేస్తుంది. కడుపులో బిడ్డను పోషించే మాయ నుంచి తల్లి రక్తంలోకి రెండు ప్రొటీన్లు వస్తాయి. ఒకటి రక్తనాళాలు బాగా ఎదిగేలా చూస్తుంది, రెండోది ఆ పనికి అడ్డం పడుతుంది. అడ్డం పడేది పెరిగి, మంచిది తగ్గిపోతే, జబ్బు దగ్గర్లో ఉందని, గట్టిగా రావచ్చని అనుమానించాలి. ఆ రెండిటి నిష్పత్తినే మేం రేషియో అనేవాళ్ళం. దాని కోసం రక్తం బయటి ల్యాబుకు పంపితే, జవాబు వచ్చేలోపే కొందరికి కాన్పు అయిపోయేది.

దీనికి మామూలు మనుషుల రక్తం పనికిరాదు, గర్భిణులదే కావాలి. అప్పుడు మా సిబ్బందిలో కడుపుతో ఉన్నది ముగ్గురం. బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి, లేబర్ రూమ్ నర్సు, నేను. ఇడ్లీ, పూరీ, ఉప్మా. నిజానికి నాకు ఉప్మా అంటే పడదు. ఎవరూ పోల్చుకోలేరని ఆ పేరు పెట్టుకున్నాను.

"ఇడ్లీ మస్తుగుంది. పూరీ మస్తుగుంది. ఉప్మానే అడుగంటింది" అన్నాడు అన్న మళ్ళీ. మెషీన్లన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. మాలో ఎవరికి తమ్ముడో ఎవరికి అన్నో తెలియకుండా అందరికీ అన్నే.

నేను వెనక నుంచి స్క్రీన్ చూశాను. ఉప్మా అంకె ఏదో కాస్త ఎక్కువ కాదు. మిగతా రెండిటి పక్కన పెడితే అది వేరే లోకం నుంచి వచ్చిన అంకెలా ఉంది.

"కంట్రోల్స్ మంచిగనే వచ్చినయా అన్నా?"

"మంచిగనే వచ్చినై. అందుకే నాకు పరేషాన్."

మా సీనియర్ అక్క సూక్ష్మదర్శిని మీద నుంచి తలెత్తింది. ఆమెది గుంటూరు వైపు. పెళ్ళై ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా యాస వదల్లేదు. పనిచేస్తున్నంతసేపూ చర్చి పాటలు చిన్నగా పాడుకునేది. "ట్యూబులో గడ్డేమన్నా ఉందేమో చూశావా? లేకపోతే బుడగ పట్టుంటుంది. ఊరికే కంగారుపడిపోతావు నువ్వు" అంది.

అన్న ట్యూబును వెలుతురుకు పట్టి చూశాడు. గడ్డ లేదు, బుడగ లేదు. మళ్ళీ నడిపాడు. మళ్ళీ అదే.

అప్పుడే ఎందుకు నోరు విప్పలేదని అత్తమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు కానీ, మీకు చెప్తే ఎక్కుతుంది. మన పనిలో అంకె తేడాగా వస్తే ఒక వరుస ఉంటుంది. మొదట ట్యూబును అనుమానిస్తాం, తర్వాత కిట్‌ను, తర్వాత మెషీన్‌ను, చివరికి మన చేతులను. రక్తం ఇచ్చిన మనిషి ఆ వరుసలోనే ఉండడు. ఎందుకంటే ఆ మనిషి మన గదిలో ఉండడు, ఎక్కడో వార్డులోనో ఇంట్లోనో ఉంటాడు. ఆ రోజు మనిషి గదిలోనే ఉంది, వరుస మాత్రం మారలేదు. అన్నతో పాటు నేనూ మెషీన్‌నే అనుమానించాను. నాకేం నొప్పి లేదు. పొద్దున్నే లేచి బాక్సులు కట్టి, బస్సెక్కి వచ్చాను. పోయిన చెకప్‌లో బీపీ బాగానే ఉంది. కాళ్ళు వాచాయి, నిజమే. రోజంతా నిలబడేవాళ్ళకు వాయవా? గాజులు బిగుతయ్యాయి. కడుపుతో ఉన్నవాళ్ళు లావెక్కరా? ఒక్కోదానికి ఒక్కో జవాబు నా దగ్గర తయారుగా ఉంది. అయినా చెమట పడుతూనే ఉంది, ఏసీ గదిలో.

కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశారు. దగ్గర్లోనే ఇంకో ఆసుపత్రిలో ఉన్నాడట, భోజనాల వేళకు చేరాడు. నెరిసిన గడ్డం, చంకలో హెల్మెట్, ఎప్పుడూ నవ్వుముఖం.

"ఏందన్నా, కొత్త పెండ్లికూతురు వచ్చి వారం కాలే, అప్పుడే తక్లీఫ్ ఇస్తుందా?" అన్నాడు మెషీన్‌ను తట్టి.

"ఇడ్లీకి, పూరీకి మంచిగ చెప్తుంది భాయ్. ఉప్మా పెడితే పాగల్ అయితుంది."

"ఉప్మా అంటే ఎవరికైనా గంతే కదా!"

ఇద్దరూ నవ్వుకుంటూ మెషీన్ మూత తీశారు. సూది కడిగారు, పైపులు చూశారు, కిట్‌లో కొత్త సీసా తెరిచి మొదటి నుంచి క్యాలిబ్రేషన్ చేశారు. నేను అన్నం డబ్బా తెరిచి, మళ్ళీ మూత పెట్టేశాను. మళ్ళీ కంట్రోల్స్, మళ్ళీ ఇడ్లీ, మళ్ళీ పూరీ. ఉప్మా వంతు వచ్చినప్పుడు నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి రోడ్డు చూస్తూ నిలబడ్డాను. వెనక నవ్వులు ఆగిపోవడంతో ఫలితం వచ్చిందని తెలిసింది.

"నా మెషీన్ ఏక్‌దమ్ సహీ ఉంది" అన్నాడు ఇంజనీరు, చేతులు తుడుచుకుంటూ. "రాసిస్తా కావాలంటే. ఆ ట్యూబ్‌దే ఏదో లఫ్డా."

అక్క విసుక్కుంది. "సర్లెండి, దాన్ని తీసి పారేయండి. రేపు ఓపీకి వచ్చేవాళ్ళలో శుభ్రంగా ఉన్న అమ్మాయినెవరినన్నా అడిగి ఇంకోటి తీసుకుందాం. ఇదొక్కదాని కోసం రోజంతా కూర్చుంటామా ఏవిటి?"

ఆ మాటలో తప్పేమీ కనబడలేదు ఎవరికీ. ఆరోగ్యవంతుల రక్తం కావాలి, ఇది అలా లేదు, కాబట్టి ఇది పనికిరాదు. లెక్క సరిపోయింది. అన్న నా ట్యూబును తీసి, వాడినవి పడేసే ఎర్ర డబ్బా వైపు నడిచాడు. అది నాదేనని చెప్పాలి. చెప్తే నిజమైపోతుందని భయం.

సరిగ్గా అప్పుడు మా మేడమ్ టీ గ్లాసుతో లోపలికి వచ్చింది. ల్యాబు పెద్ద ఆమె, పెథాలజీ డాక్టరు. ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడినప్పుడు అందరం రాసుకునేవాళ్ళం.

"ఏంది, పొద్దటిసంది ఇంజనీర్లు, నవ్వులు. ఏం జాతర నడుస్తుంది?"

అక్క జరిగింది చెప్పింది. మేడమ్ స్క్రీన్ దగ్గరికి వచ్చి వంగి చూసింది. పొద్దున్నుంచి వచ్చిన అంకెలన్నీ వరుసగా ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినట్టు.

"ట్యూబు చూసిన్రు. కిట్ చూసిన్రు. మెషీన్ చూసిన్రు" అంది. "మనిషిని చూసిన్రా?"

అన్న చేతిలో ట్యూబుతో డబ్బా దగ్గరే ఆగిపోయాడు.

మేడమ్ టీ గ్లాసు కింద పెట్టింది. "ఉప్మా ఎవరు?"

ఇంకెప్పుడైనా అయితే ఆ ప్రశ్నకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. బడిలో హాజరు పలికినట్టు నేను చెయ్యి ఎత్తాను.

"నేనే మేడమ్."

"ఓరి దేవుడా, నువ్వటమ్మా!" అని అక్క కుర్చీలో కూలబడింది. అన్న డబ్బా దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు. రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఆ ట్యూబును మళ్ళీ స్టాండులో పెట్టాడు. నా వైపు చూడలేకపోయాడు.

మేడమ్ నన్ను తన గదికి తీసుకెళ్ళి, బీపీ సరిగ్గా తెలియాలని కాసేపు కదలకుండా కూర్చోబెట్టింది. తర్వాత బీపీ చూసింది. ఇంకాసేపు ఆగి రెండో చేతికి చూసింది. పోయిన చెకప్‌లో లేని బీపీ ఇప్పుడు ఉంది. మూత్రంలో ముంచిన పట్టీ రంగు మారింది, ప్రొటీన్ పోతోందని.

"తలనొప్పి ఉందా? కండ్ల ముందల మెరుపులు గిట్ల? ఇక్కడ, పక్కటెముకల కింద నొప్పి?"

"ఏం లేవు మేడమ్."

"మంచిది. ఏం లేనప్పుడే పైకి పోదాం పా."

పై అంతస్తులో డాక్టరమ్మ ఓపీ. నా కంటే ముందు వరుసలో ఉన్నవాళ్ళను దాటించి మేడమ్ నన్ను లోపలికి తీసుకుపోతుంటే సిగ్గేసింది. డాక్టరమ్మ అన్నీ విని, తను కూడా బీపీ చూసి, కడుపు మీద చెయ్యి వేసి, స్కానింగ్‌కు రాసింది. తర్వాత కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"చూడు, ఒక్క బీపీయే అయితే మాత్రలిచ్చి, రెండు మూడు రోజులకు మళ్ళీ రమ్మనేదాన్ని. నీ రేషియో చూసినంక మాత్రం ఇంటికి పంపను."

"అది ఇంకా పేషెంట్లకు షురూ చెయ్యలేదు డాక్టరమ్మా. కొత్త కిట్..."

"అందుకే ఆ ఒక్క నంబర్ పట్టుకుని కూర్చోను. ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీ, అన్నీ రోజూ చూద్దాం. నంబర్ తప్పైతే నాలుగు రోజులు రెస్ట్ తీసుకున్నవనుకో. కరెక్టయితే నువ్వు నా కండ్ల ముందల ఉండాలె."

మా ఆయనకు ఫోన్ చేశాను.

"అడ్మిట్ కమ్మంటున్నరు."

"ఎవర్ని?"

"నన్నే."

"పొద్దుగాల మంచిగనే పోయినవ్ కదా?"

"ఇప్పుడు సుత మంచిగనే ఉన్న."

"మరి ఎందుకు?"

ఇన్నేళ్ళూ ఎంతమంది చేతికి రిపోర్టు ఇచ్చి పంపానో. రక్తంలో ఏముందో చెప్పడం నా పని. ఆ ఒక్క "ఎందుకు"కు మాత్రం ఏడ్చేశాను. అంతే, డ్యూటీ ఎవరికో అప్పజెప్పి వచ్చేశాడు.

అత్తమ్మ మోండా మార్కెట్ నుంచి అటే వచ్చింది, కూరగాయల సంచీ ఒక చేత్తో, మా పెద్దమ్మాయి ఇంకో చేత్తో. వస్తూనే వార్డులో అందరికీ వినబడేలా మొదలుపెట్టింది.

"ఏందమ్మా గిది? జెరం లేదు, నొప్పి లేదు, ఊకెనే పండబెడ్తరా? నేను ముగ్గుర్ని కన్న. కడుపుతోని ఉన్నోళ్ళకు కాళ్ళు వాయవా?"

మేడమ్ ఇంకా నా దగ్గరే ఉంది. "అమ్మా, మీ కోడలు మంచిగున్నప్పుడే మేం చూసుకుంటున్నం. మంచిగ లేనప్పుడైతే మీరే ఉరుక్కుంట తీసుకొస్తుంటిరి" అంది.

అత్తమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "మరి అన్నమేం పెట్టాలె?" అంది. అది ఆమె ఒప్పుకునే పద్ధతి.

ఆ తర్వాత రోజులు నాకు విచిత్రంగా గడిచాయి. పొద్దున్నే అక్క స్వయంగా పైకి వచ్చి రక్తం తీసేది. వేరేవాళ్ళను రానిచ్చేది కాదు. "నీ నరం నాకు తెలుసులే, పక్కకు తిరుగు" అని, నేను పక్కకు తిరిగేలోపే తీసేసేది. తీసేటప్పుడు పాట ఆపేది కాదు. ట్యూబు మీద నా అసలు పేరు, ఇంటిపేరుతో సహా, రాసి నాకు చూపించేది. ప్లేట్‌లెట్లు ఎంతున్నాయక్కా అని అడిగితే, "డాక్టర్‌గారు చెప్తార్లే" అనేది.

ఆ మాట నేను కౌంటర్ దగ్గర ఎన్ని వందలసార్లు అన్నానో. నియమం అది, తప్పు కాదు. కానీ మంచం మీద పడుకుని వింటే ఎంత కోపం వస్తుందో అప్పుడు తెలిసింది. మీరూ ఆ మాటే అనాలి, అనండి. కాకపోతే అనేటప్పుడు ఒక్క క్షణం ఆ మనిషి ముఖం చూసి అనండి. అక్క అలాగే అనేది. నేనే కోపంలో గమనించలేదు.

బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి ఇంజక్షన్లు ఇచ్చారు. అవి పనిచేయడానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి మాకు దొరికింది. తర్వాత ఆలోచిస్తే అన్నిటికంటే ఎక్కువ అదే అనిపిస్తుంది. ఆ పరీక్ష నా జబ్బును తగ్గించలేదు, ఆపలేదు. జబ్బు తన దారిన తను వచ్చింది. వచ్చేసరికి నేను ఇంట్లో లేను, డాక్టరమ్మ కళ్ళ ముందు ఉన్నాను.

ఒక తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ వచ్చింది. గోడ మీద ట్యూబులైటు చుట్టూ మిణుగురుల్లాగా ఏవో కదులుతున్నాయి. నర్సును పిలిచాను. బీపీ చూసి ఆమె పరుగెత్తింది. ఫిట్స్ రాకుండా మందు ఎక్కించారు. ఒళ్ళంతా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు వేడెక్కింది. అక్క ఇంకా డ్యూటీకి రాలేదు, ఆ పూట రక్తం అన్న తీసుకెళ్ళాడు. రిపోర్టు కంప్యూటర్‌లో పెడితే పైన డాక్టర్లకు కనబడుతుంది, పరుగెత్తి తేవలసిన పనిలేదు. ఆయన పరుగెత్తుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ప్లేట్‌లెట్లు ముందు రోజున్నదాంట్లో సగానికి పడిపోయాయి, లివర్ అంకెలు ఎగబాకాయి.

డాక్టరమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఇగ ఆగొద్దు. బిడ్డను తీసేద్దాం" అంది.

థియేటర్ తలుపు దాకా మా ఆయన స్ట్రెచర్ పట్టుకుని వచ్చాడు. "నీ ఫోన్ నా దగ్గర్నే ఉంది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. అంత భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. నాకు ఫోన్ గురించా ఫికర్?

ఆ బల్ల మీద పడుకుని నేను ప్రార్థనలేవీ చేయలేకపోయాను. పెద్దదాని జడ ఎవరు వేస్తారు అని ఒక్కటే ఆలోచన. అత్తమ్మ వేస్తే బిగించి వేస్తుంది, అది ఏడుస్తుంది. నేను లేకపోతే అది రోజూ ఏడుస్తూనే బడికి పోతుందా అని. అంతలో తెర అవతల నుంచి తుప్పు పట్టిన సైకిల్ బెల్లులాంటి చప్పుడు ఒకటి వినబడింది. "బాబు" అన్నారెవరో. చూపించి, వెంటనే పట్టుకెళ్ళిపోయారు. అరచేతిలో పట్టేంత ముఖం.

ఇప్పుడు కృతజ్ఞత చెప్పుకోవలసిన వాళ్ళ సంగతి. మేడమ్‌కు, డాక్టరమ్మకు ఎలాగూ చెప్తాను. కానీ ఇన్ని రాత్రులు ఆలోచించాక నాకు ఇంకో సంగతి తోచింది. ఆ రోజు అన్న, అక్క, ఇంజనీరు కలిసి మెషీన్‌ను అంతలా అనుమానించి ఉండకపోతే, డాక్టరమ్మ ఆ కొత్త కిట్ చెప్పిన అంకెకు అంత విలువ ఇచ్చేదా? మూత విప్పి, కడిగి, మళ్ళీ మళ్ళీ నడిపి, మెషీన్ బాగుందని తేల్చింది వాళ్ళే. వాళ్ళు చేసిన పని సగం వరకు సరైనదే. మిగతా సగం మేడమ్ అడిగిన ప్రశ్న. అనుమానించడం మానకండి. అనుమానించే వరుసలో మనిషిని చేర్చుకోండి, అదీ చివర్లో కాకుండా.

టిఫిన్ పేర్ల అలవాటును మేడమ్ మాన్పించలేదు. "పేర్లు దాచుకుంటే దాచుకోండి. ఏదన్నా తేడా వస్తే మాత్రం మెషీన్‌ను ముట్టుకునే ముందు మనిషిని కూసోబెట్టి బీపీ చూడుండ్రి" అందట. ఆ పరీక్ష రోగులకు మొదలైంది. ఎవరెవరికి పనికొచ్చిందో నాకు తెలియదు. అక్క అప్పుడప్పుడు ఫోన్ చేసి బాబు సంగతి అడుగుతుంది, ల్యాబు కబుర్లు చెప్తుంది. రోగుల సంగతులు మాత్రం చెప్పదు. చెప్పకూడదు కూడా.

ఒక్కటి మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. ఆ ట్యూబు ఎర్ర డబ్బాలో పడి ఉంటే ఆ సాయంత్రం నేను బస్సెక్కి మౌలాలి వెళ్ళిపోయేదాన్ని. తలనొప్పి వచ్చిన ఆ తెల్లవారుజామున ఒక మాత్ర వేసుకుని, అత్తమ్మను లేపడం ఎందుకని అటు తిరిగి పడుకునేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

ఆపరేషన్ మర్నాడు పొద్దున, మందు సీసా తీసేశాక, డాక్టరమ్మ ఒప్పుకుంటే నన్ను చక్రాల కుర్చీలో బాబు దగ్గరికి తీసుకెళ్ళారు. అద్దం అవతల గాజు పెట్టెలో ఉన్నాడు. ఒంటి నిండా వైర్లు. ముక్కుకు గొట్టం. టోపీ కళ్ళ మీదికి జారింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పొట్ట ఎగిరెగిరి పడుతోంది. నర్సు నన్ను లోపలికి తీసుకెళ్ళి, చేయి కడిగించి, పెట్టె పక్కనున్న రంధ్రంలోంచి వేలు పెట్టనిచ్చింది. వాడు పట్టుకున్నాడు. పట్టు గట్టిగానే ఉంది.

తలుపు దగ్గర చప్పుడైంది. మా ఆయన ఎవరిని బతిమాలాడో, పెద్దమ్మాయిని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దాని జడలు రెండూ రెండు ఎత్తుల్లో ఉన్నాయి, ఆయనే వేసినట్టున్నాడు. అది ముందు తమ్ముణ్ణి చూసింది. తర్వాత నా చేతికి అంటించిన ప్లాస్టరును, వాచిన నా ముఖాన్ని చూసింది. ఏడవడానికి పెదవులు తయారయ్యాయి.

"నీకేమైందమ్మా? తమ్మునికేమైంది?"

నా వేలు ఇంకా వాడి గుప్పిట్లోనే ఉంది. దానికీ వాడికీ కలిపి ఒకేసారి చెప్పాను.

"ఏం కాలేదు బిడ్డా. అయ్యేలోపే మనోళ్ళు చూసుకున్నరు."